పగిలిన అద్దం పక్కింట్లో

మా మామ్మ లెక్కలో ట్యాబ్ అంటే అద్దం. నేను చదవడం ఆపి దాన్ని కిటికీ గూట్లో పెట్టగానే ఆవిడ రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చి, ఆ నల్లటి గాజులో మొహం చూసుకుని బొట్టు సరిచేసుకునేది. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన అసలు అద్దం నాన్న ఎత్తుకి సరిపడా ఉండేది. ఇది ఆవిడ చేతికి అందేది.

"మాంచి అద్దమే ఇది. మొగం మీద ముడతలు అవుపించవు," అని మెచ్చుకునేది.

"అందులో బోలెడు పుస్తకాలున్నాయి మామ్మా."

"ఉంటే ఉండనీ. నా బొట్టుకి అడ్డం రాకుంటే సాలు."

ఆ ట్యాబ్ మా మావయ్యది. విశాఖపట్నంలో కొత్తది కొనుక్కుని, నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా పాతది నాకు ఇచ్చాడు. అప్పటికి మా పొందూరులో మా వీధి వాళ్లందరి చేతికీ పెద్ద ఫోన్లు రాలేదు. ఎవరెవరో ఓపిగ్గా స్కాన్ చేసి పెట్టిన పాత నవలలు దొరికినవన్నీ అందులోకి దించుకున్నాను. అట్టలు ఊడిపోయినవి, మొదటి పేజీలు లేనివి, ఎవరు రాశారో కూడా తెలియనివి. చదువు అయిపోయాక నేను ఇంటి దగ్గర చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. మిగతా సమయమంతా కిటికీ పక్కనే. నలుగురి మధ్య నాకు నోరు పెగలదు. ఇంటికి చుట్టాలు వస్తే మంచినీళ్లిచ్చి లోపలికి వచ్చేస్తాను. పుస్తకంలోని మనుషులైతే నన్ను ఏమీ అడగరు. వాళ్ల గురించి నా అభిప్రాయాలు మాత్రం రోజూ డైరీలో రాసుకునేదాన్ని, ఎవరో అడిగినట్టు.

వేసవిలో ఒక మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తూ, ట్యాబ్‌ను కిటికీ రెక్కకు ఆనించి చదువుతున్నాను. చేతులకు జిగురు. పేజీ తిప్పాలంటే మోచేతి దగ్గర శుభ్రంగా ఉన్నచోట తాకించేదాన్ని. తూర్పు గాలి ఒక్కసారిగా లేచింది. రెక్క ధన్ మని కొట్టుకుంది. ట్యాబ్ బోర్లా వెళ్లి కింద రోలు అంచు మీద పడింది.

"ఏటే ఆ సప్పుడు?" రాట్నం ఆగింది.

"ట్యాబ్ పడిపోయింది."

"పగిలిందేటి?"

తిప్పి చూశాను. ఎడమ పక్క పై మూల నుంచి సాలెగూడులా గీతలు. వెలిగించి చూస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి. ప్రాణం ఉంది అనుకున్నాను. ఆలోగా మామ్మ నా భుజం మీంచి తొంగి చూసేసింది.

"ఓలమ్మా! అద్దం పగిలిపోనాది! తియ్యి, తియ్యి, బయటెట్టీ. పగిలిన అద్దం గడప లోపలుంటే ఇంటికి మంచిది కాదు."

"ఇది అద్దం కాదు మామ్మా. ట్యాబ్."

"అద్దం కాదా? మరి ఇన్నాళ్లూ నా మొగం నాకు సూపించింది ఏటే?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, నిట్టూర్చి, ఒక పాత తువ్వాలులో చుట్టి ట్యాబ్‌ను పెరటి గోడ మీద పెట్టింది. ఇలాంటి విషయాల్లో అమ్మ అత్తగారికి ఎదురు చెప్పదు. సాయంత్రం నాన్న మిల్లు నుంచి వచ్చాక అడిగితే, "బాగు సేయించుకుంటే ఇంట్లోకి వస్తాది, నేకపోతే నేదు. మీ మామ్మతో నాను యుద్ధం సెయ్యలేను," అన్నారు.

ఆ పెరటి గోడకు అవతల ఉన్నది నా స్నేహితురాలి ఇల్లు. వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. బట్టలు ఆరేస్తూ ఆ తువ్వాలు మూట చూసి, సంగతి విని నవ్వింది.

"మా ఇంట్లో ఎట్టండమ్మా. మాకు అలాటి పట్టింపులేటీ నేవు. బాగయ్యేదాకా ఉంటాది."

వాళ్లది వీధి చివరి చర్చికి వెళ్లే కుటుంబం. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. మామ్మకు కూడా ఆ ఏర్పాటు నచ్చింది. పగిలిన అద్దం వల్ల వాళ్లకు ఏమీ కాదని మామ్మ ఎలా తేల్చుకుందో నేను అడగలేదు. అలా నా పుస్తకాలన్నీ గోడ దాటి పక్కింటికి వెళ్లాయి.

ఇక్కడ నా స్నేహితురాలి గురించి చెప్పాలి. మేమిద్దరం ఒకే ఏడు పుట్టాం, ఒకే బడి, ఒకే కాలేజీ. అది చర్చిలో పాట ఎత్తుకుంటే వీధిలో వెళ్లే ఆటో నెమ్మదించేది. బస్సు కండక్టర్లూ, కూరగాయల వాళ్లూ దానితో చుట్టాల్లా మాట్లాడేవారు. బడిలో వార్షికోత్సవానికి వ్యాసం రాయమంటే నేను రాసేదాన్ని. వేదిక ఎక్కి చదవడం నా వల్ల కాదు గనక అది చదివేది. వ్యాసం నాది, చప్పట్లు దానివి. "మీ ఇద్దరూ కలిస్తే ఒక మనిషి" అని తెలుగు మాస్టారు మురిసిపోతూ అనేవారు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్లు పులుస్తాయి. ఆ ఒక మనిషిలో నేను ఏ భాగమో ఆయన చెప్పలేదు. కానీ ఒక్కటి మాత్రం పూర్తిగా నాది అనుకునేదాన్ని. పుస్తకాలు. అది చదవదు. పరీక్షకు కూడా నన్ను చెప్పమని విని రాసేది.

మర్నాడు ట్యూషన్ పిల్లలు వెళ్లాక వాళ్లింటికి వెళ్లాను. ట్యాబ్ మా పెరటి గోడ వైపున్న వాళ్ల గదిలో, దారంతో అల్లిన గుడ్డ పరిచిన బల్ల మీద, పెద్దమనిషిలా కూర్చుని ఉంది. అప్పుడు నేను చదువుతున్నది ఒక స్టేషను మాస్టరు కూతుళ్ల కథ. రైళ్లు ఎక్కువగా ఆగని చిన్న స్టేషను. పెద్దకూతురిని చూసుకోవడానికి పెళ్లివాళ్లు వస్తామన్నారు. ఆ పిల్ల చీర కట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది, రైలు వచ్చింది, ఎవరూ దిగలేదు. సరిగ్గా అక్కడే గాలి వచ్చి కిటికీ కొట్టుకుంది. ఆ పిల్ల రాత్రంతా నా మనసులో అలాగే నిలబడి ఉంది.

తెరిచి చూస్తే పెద్దకూతురికి పెళ్లి అయిపోయి, అత్తవారింట్లో ఆవకాయ కలుపుతోంది.

వెనక్కి వెళ్దామని ఎడమ అంచున తాకాను. కదల్లేదు. మళ్లీ తాకాను. పేజీ ముందుకు పోవాలంటే కుడి అంచున, వెనక్కి రావాలంటే ఎడమ అంచున తాకాలి. ఎడమ సగం చచ్చిపోయింది. తలకిందులుగా పట్టుకున్నా లాభం లేదు. బొమ్మ తిరగకుండా నేనే ఎప్పుడో బిగించేశాను, ఆ మీట కూడా చచ్చిన వైపే ఉంది. పుస్తకం మూసి తెరిస్తే ఎక్కడ ఆపారో అక్కడే తెరుచుకుంటుంది.

స్నేహితురాలు తల తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చింది. అది అప్పుడు ఒక చిన్న కాన్వెంటులో టీచరు. "ముందుకే పోతాది, ఎనక్కి రాదే. నానూ సూసినాను," అంది.

"నువ్వు చదివావా?"

"నిన్న బల్ల మీద ఉన్నాది కదా అని ఊరికే తెరిసినాను. పాపం, ఆ పిల్ల అలగ నిలబడిపోనాది, వదల్లేకపోనాను. సదివీసినాను." నా మొహం చూసి నవ్వింది. "ఏటే, అలగ సూస్తన్నావు? కూకో. ఏటయ్యిందో నాను సెప్తాను."

కూర్చున్నాను. ఇంకేం చేయగలను? నా పిల్లను ప్లాట్‌ఫారం మీంచి ఎవరు దింపారో దాని నోటి నుంచి విన్నాను.

అది చెప్పడం మొదలుపెడితే చేతులు, కళ్లు, భుజాలు అన్నీ చెబుతాయి. పెళ్లివాళ్లు నిద్రపోయి తర్వాతి స్టేషనులో దిగారట. రైలు గేటు కాసే మనిషి పెళ్లాం ఒకామె ఉందట, అందరూ గేటామె అంటారట. ఆమెకు ఒక మేక. ఆ మేకను వెతుక్కుంటూ వెళ్లిన గేటామె పట్టాల పక్కన నడిచి వస్తున్న పెళ్లివాళ్లను చూసి దొంగలనుకుని కర్ర పట్టుకుని తరిమిందట.

"'ఆగండ్రా! పట్టుపంచెలు కట్టుకుని మేకల్ని దొంగతనం సేస్తారేట్రా? ఏ ఊరోళ్లు మీరు?'" అంటూ అది గేటామె గొంతు పెట్టేసరికి వాళ్లమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. గోడకు అటు వైపు మా ఇంట్లో రాట్నం చప్పుడు ఆగింది. కాసేపటికి కిటికీలోంచి గోడ మీద మామ్మ తల కనిపించింది.

"మేక దొరికిందేటే?" అని అడిగింది.

మా మామ్మ. నేను ఎన్ని కథలు చెప్పబోయినా "తరవాత సెప్పుదువులే, ఏకులు అయిపోతన్నాయి" అనే మనిషి. సన్న నూలు కోసం వాలుగ చేప దవడ పళ్లతో పత్తి ఏకుతుంటే పక్కన పిడుగు పడినా తల తిప్పని మనిషి. గోడ మీద గడ్డం ఆనించి నిలబడింది.

అప్పటి నుంచి అదే వరస. నేను వెళ్లేసరికి పుస్తకం ఎప్పుడూ నాకంటే ముందుంటుంది. ఒకటి రెండు పేజీలు నేను చదివితే అవి మొదలూ తుదీ లేని ముక్కలు. ఆ మధ్య జరిగినదంతా దాని దగ్గర ఉండేది. అది మంచం మీద బోర్లా పడుకుని వేరుశనక్కాయలు తింటూ చదివేది. గాజు మీద దాని వేలి నూనె మరక కుడి అంచున ఒకేచోట పడి మెరిసేది. ఆ మరకను నేను వెళ్లగానే పైట చెంగుతో తుడిచేసేదాన్ని. మర్నాటికి మళ్లీ ఉండేది. నవ్వొచ్చే చోట అది నాకంటే ముందు నవ్వేసింది, ఏడుపొచ్చే చోట నాకంటే ముందు ఏడ్చేసింది అనుకుంటే నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. ఎంగిలి చేసిన అన్నం పెట్టినట్టు. పైగా అది దయగా పెడుతోంది.

నాకు బాగా కడుపు మండింది ఆ గేటామె విషయంలో. నవల అంతా నాగరికమైన మాటల్లో సాగుతుంది. స్టేషను మాస్టరు ఇంట్లో అందరూ "అలాగేనండీ" అంటూ మాట్లాడతారు. ఈ గేటామె ఒక్కతి మాత్రం మా వీధి మనిషిలా మాట్లాడుతుంది. ఎవరో ఆ పేరు తెలియని రచయిత, ఎక్కడివాడో, మా మాటను ఇంత చక్కగా ఎలా పట్టుకున్నాడా అని ఆశ్చర్యపోయాను, కుళ్లుకున్నాను కూడా. ఆ పేజీలే నాకు దక్కకుండా పోయాయి. నేను చదివిన ముక్కల్లో గేటామె ఒక్కసారి కూడా రాలేదు. మంచివన్నీ అదే మింగేస్తోంది, నాకు ఆవకాయలూ ఉత్తరాలూ మిగులుస్తోంది అనుకున్నాను.

ఇక శ్రీకాకుళం వెళ్లి అడిగి రావాలనుకున్నాను. బస్సులో కూర్చుని, దుకాణంలో ఏం అడగాలో మనసులో పాఠంలా చెప్పుకుంటూ వెళ్లాను. బస్టాండు దగ్గర్లో ఫోన్లు బాగుచేసే కొట్టు. అక్కడ ఉన్నవాళ్లందరి పనీ అయ్యేదాకా పక్కన నిలబడ్డాను. చివరికి ఆ కొట్టతనే "ఏటి మేడమ్, ఏటి కావాల?" అని పిలిస్తే తువ్వాలు విప్పాను.

అతను వెలిగించి, వేలితో అటూ ఇటూ రుద్ది చూశాడు. "లోపల డిస్ప్లే బాగానే ఉన్నాది. పైన టచ్ గ్లాసే పోయింది. కానీ ఈ మోడల్ పాతది. కొత్త గ్లాసు తెప్పించాలంటే మీరు ఇంకాస్త ఏసుకుని కొత్త ట్యాబే కొనుక్కోవచ్చు."

నా మొహం ఎలా పడిపోయిందో, అతను సొరుగు లాగి వెతికాడు. "ఇదిగో, చచ్చిపోయిన సెట్టుది ఒకటున్నాది. ఇది తెల్లది, మీది నల్లది. సగంలో సగం కూడా అవదు ఖర్చు. కానీ గ్యారంటీ ఇవ్వను. రేపే పోయిందన్నా నా దగ్గరకి రాకూడదు."

ఆలోచించుకుని వస్తానన్నాను. ఆ సగంలో సగం కూడా అవని ఖర్చు నా దగ్గర లేక కాదు. ట్యూషన్ డబ్బులు మామ్మ బియ్యం డబ్బాలో దాస్తూ ఉండేది. అవి పుస్తకాల బీరువాకు. మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న నా పుస్తకాలకు ఒకసారి చెద పట్టింది. అప్పటి నుంచి చిన్న చెక్క బీరువా చేయించుకోవాలని నా కోరిక. వడ్రంగి వచ్చి గోడ కొలుచుకుని కూడా వెళ్లాడు. ట్యాబ్‌కు పెడితే బీరువా వచ్చే ఏడాదికి పోతుంది. పైగా గ్యారంటీ లేని పాత గాజు.

ఇంట్లో చెప్పాను. అమ్మ అన్నం వడ్డిస్తూ, "ఇప్పుడు నీకేటి తక్కువయ్యిందే? ఆ పక్కింటి గుంట సదివి సెప్తోంది. ఖర్చు నేకండా అందరం వింటన్నాం," అంది.

"అదీ నిజమే," అన్నారు నాన్న. "ఒక్కదానివి కూకుని సదువుకుంటే నీ ఒక్కదానికే. ఇప్పుడైతే ఇంటిల్లిపాదికీ."

"నాకు నేను చదువుకోవాలి," అన్నాను.

"ఎందుకూ? అది సెప్పేది నీకు అర్థం కాదేటి?"

అర్థం కాకపోవడమా! దానికి నా డైరీలో ఎన్ని పేజీలు తిట్టానో. మామ్మ మాత్రం రాట్నం దగ్గర నుంచి ఇంకో సందేహం లేవదీసింది. "కొత్త గాజేస్తే ఇంట్లోకి తెచ్చుకో, నాను కాదనను. నాకూ బొట్టుకి ఇబ్బందిగానే ఉన్నాది. కానీ ఒసే, అది ఇక్కడికి వచ్చీస్తే ఆ గుంట సెప్పడం మానేస్తాదేటి?"

అంటే మా ఇంట్లో అందరి లెక్క ప్రకారం పగిలిన గాజే లాభసాటి. నేను కూడా వారం పాటు అలాగే సర్దిచెప్పుకున్నాను. బీరువా వస్తుంది, పుస్తకాలకు చెద పట్టదు, కథ ఎలాగూ వింటున్నాను. తూకం వేస్తే ఎటు చూసినా బాగు చేయించకపోవడమే తెలివైన పని. ఆ తెలివి మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఆ ఆదివారం నా స్నేహితురాలు చర్చి నుంచి వస్తూ మా అరుగు మీద ఆగింది. తెల్ల చీర, జడలో కనకాంబరాలు. మామ్మ పిలిచి కూర్చోబెట్టింది. కథ నడిచింది. మేక గూడ్సు పెట్టెలోకి ఎక్కి గడ్డి తింటూ ఉండగా రైలు కదిలిపోయిందట. గేటామె, "ఓరి ఇంజనోడా! మేకని దింపి ఎల్లరా!" అని అరుస్తూ పట్టాల వెంట స్టేషను తర్వాత స్టేషను నడుచుకుంటూ పోతోందట. వీధిలో వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు బిందెలు దింపి నిలబడ్డారు. మామ్మ కళ్లు తుడుచుకుంది. ఒక మేక కోసం!

అంతా అయ్యాక అది నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, నిజమైన ప్రేమతో అంది. "బీరువా మానుకోకే. ట్యాబ్ నా దగ్గరే ఉంటాదిలే. ఈ నవల అయిపోయాక తక్కినవన్నీ కూడా నానే సదివి సెప్తాను నీకు."

తక్కినవన్నీ.

మర్నాడే మామ్మను బియ్యం డబ్బా అడిగాను. పక్కింటి నుంచి ట్యాబ్ తీసుకుని మొదటి బస్సుకే వెళ్లాను.

కొట్టతను వేడిగాలి ఊదుతూ, పల్చటి రేకు దూర్చి, పగిలిన గాజును ముక్కలు ముక్కలుగా లేవదీశాడు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. గాజు లేకుండా అది బట్టలు విప్పిన పసిపిల్లలా ఉంది. చూడలేక బయటకు చూశాను. తెల్ల గాజు అతికించి చేతిలో పెట్టాడు. నల్ల వీపు, తెల్ల మొహం. పిండి కొట్టుకుని వచ్చిన పిల్లిలా ఉంది. ఎడమ అంచున తాకాను. పేజీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి తాకాను. మళ్లీ వచ్చింది. కొట్టతను "సాలు మేడమ్, ఇంటికెళ్లి ఆడుకోండి" అనేదాకా వెనక్కే తిప్పుతూ ఉన్నాను.

మామ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకుంది. "ఎనకటి కంటే ఇదే బాగున్నాది. సుట్టూ సున్నం ఏసినట్టు," అని కిటికీ గూట్లోకి రానిచ్చింది.

నేను ప్లాట్‌ఫారం దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల చీర కట్టుకుని అలాగే నిలబడి ఉంది. రైలు వచ్చింది, ఎవరూ దిగలేదు. పేజీ తిప్పాను. పెళ్లివాళ్లు నిద్రపోలేదు. వాళ్లకు వేరే సంబంధం కుదిరిందని ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరితోనో పెళ్లి మాటలు, కట్నం మాటలు, ముహూర్తాలు. గేటామె ఎప్పుడొస్తుందా అని గబగబా తిప్పాను. ఆ స్టేషనులో అసలు గేటే లేదు. ఒక ప్లాట్‌ఫారం, ఒక గది, ఒక బావి. చివరి పేజీ దాకా వెళ్లాను. మళ్లీ మొదటికి వచ్చాను. ఎక్కడా ఒక మేక కూడా లేదు.

పొయ్యి మీద పాలు పొంగాయని అమ్మ అరిచింది.

అది అబద్ధం చెప్పిందని నాకు కోపం రాలేదు. కోపం అయితే బాగుండేది. ఆ ఇంట్లో మంచం మీద, వేరుశనక్కాయలు తింటూ, నవల బోరు కొట్టినప్పుడల్లా అది ఒక మనిషిని పుట్టించింది. కర్ర ఇచ్చింది, గొంతు ఇచ్చింది, ఏడిపించింది. నేను ఇన్నేళ్లుగా రోజూ డైరీ రాశాను. ఎవరి కథ బాగుందో ఎవరిది బాగాలేదో తీర్పులు రాశాను. ఒక్క మేకనైనా పుట్టించలేదు. ఆ రచయితను చూసి కుళ్లుకున్నదంతా కూడా దాని ఖాతాలోకే వెళ్లిపోయింది. అసూయ పడడానికి ఇద్దరుండేవారు, ఇప్పుడు ఒక్కతే అయింది. రెండింతలు.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం అందరూ మా అరుగు మీద చేరారు. అది, వాళ్లమ్మ, అమ్మ, రాట్నం ముందు మామ్మ.

"ఇప్పుడు ట్యాబ్ నీ దగ్గరున్నాది కదా, మిగిలింది నువ్వే సెప్పు," అంది అది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

గొంతు సవరించుకుని చెప్పాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. పెద్దకూతురు అత్తవారింట్లో సర్దుకుపోవడం, చిన్నకూతురు చదువుకు పట్నం వెళ్లడం, తండ్రికి బదిలీ కావడం. నా మాటలు నాకే బడి పిల్ల అప్పచెప్పినట్టు వినిపించాయి. వాళ్లమ్మ ఆవలింత చేతితో మూసుకుంది. రాట్నం ఒక్కసారి కూడా ఆగలేదు.

"అదంతా సరేలే," అంది మామ్మ. "మేక ఏటయ్యిందే?"

అందరూ నా వైపు చూశారు. అది కూడా చూసింది. కింది పెదవి పంటితో పట్టుకుంది. భయపడలేదు. నేనేం చేస్తానో చూద్దామన్నట్టు తల కొంచెం పక్కకు వంచింది.

ఒక్క మాట చాలు. పుస్తకంలో మేక లేదు మామ్మా, ఇదిగో చూడండి, ముందుకీ తిప్పి చూపిస్తాను, వెనక్కీ తిప్పి చూపిస్తాను. బీరువా డబ్బులు పోసి బాగు చేయించిన గాజు నా ఒళ్లోనే ఉంది. గేటామె అక్కడికక్కడే చచ్చిపోయేది. కానీ ఆమె ఇంకా పట్టాల వెంట నడుస్తూ ఉంది. అలా నడిపించి వదిలేసింది అది. తర్వాత ఏమైందో అది కూడా ఇంకా పుట్టించలేదు. ఆ సంగతి దాని కళ్లలో కనిపించింది.

"దొరికింది," అన్నాను.

రాట్నం ఆగింది.

"మూడో స్టేషనులో... టిక్కెట్లిచ్చే గదిలో బల్ల కోడుకి కట్టేసి ఉంది," అన్నాను. ఎక్కడి నుంచి వస్తోందో నాకే తెలియదు. ట్యాబ్ వైపు చూస్తూ, చదువుతున్నట్టు చెప్పాను. "గేటామె వెళ్లి తాడు విప్పబోయింది. అక్కడి స్టేషను మాస్టరు అడ్డొచ్చాడు. టిక్కెట్టు లేకుండా రైలెక్కింది, జరిమానా కట్టి తీసుకెళ్లు అన్నాడు. గేటామె వంగి కింద చూసింది. మేక అప్పటికే టిక్కెట్ల కట్ట మొత్తం నమిలేసింది. అప్పుడు గేటామె..." పేజీ తిప్పాను. "'టిక్కెట్టు నేదంటావేటి బాబూ? నీ కట్టంతా దాని కడుపులోనే ఉన్నాది కదా!' అంది."

ముందు మామ్మ నవ్వింది. భుజాలు కదిలేటట్టు నవ్వింది, చేతిలో దారం తెగింది, దాన్ని చూసుకోలేదు. వాళ్లమ్మ, అమ్మ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

అది మాత్రం నవ్వలేదు. కళ్లు చిన్నవి చేసుకుని, "ఏ పేజీలో ఉన్నాదే అది?" అని అడిగింది.

"నువ్వు ఆపిన దాని పక్క పేజీలోనే," అన్నాను.

అది నన్ను అలాగే చూసింది. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత చటుక్కున లేచి, కొంగు నడుముకు దోపి, చేతిలో లేని కర్ర నేలకు తాటించి, గేటామె గొంతుతో, "టిక్కెట్టు నేదంటావేటి బాబూ! నీ కట్టంతా దాని కడుపులోనే ఉన్నాది కదా! కోసి సూసుకుంటావేటి?" అంది.

వీధి వీధంతా వినబడేలా నవ్వారు. నేను చెప్పినప్పటి కంటే చాలా పెద్ద నవ్వు. మామ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "నువ్వూ బాగానే సెప్పినావు గానీ, ఆ గొంతు ఈ గుంటకే వస్తాది," అంది నాతో.

నా మాట. నేను పుట్టించిన మొదటి మాట. నా నోట్లోంచి వచ్చి ఇంకా చల్లారకముందే దాని నోట్లోకి వెళ్లి చప్పట్లు కొట్టించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అది ఆయాసపడుతూ నా పక్కన కూలబడింది. "మరి ఆ స్టేషను మాస్టరు ఏటన్నాడే?" అని అడిగింది. ఈసారి ఆట పట్టించడానికి కాదు. దానికి నిజంగా తెలియదు.

నాకు తెలుసు. అది గేటామె గొంతు పెడుతున్నప్పుడే ఆయన జవాబు నాకు తట్టింది. తెల్ల అంచు ట్యాబ్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. పేజీ ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. అది నా మొహంలోకే చూస్తూ ఉంది. కావాలనే, నెమ్మదిగా, ఇంకొకసారి తిప్పాను.